కూపన్ ఎక్కడ విరిగిందో చూశాకే నంబర్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ, తప్పుంటే సరిచేయండి. విశాఖలో ఎం.టెక్ చేస్తున్నారు. అన్ని ఫైబర్లూ ఒకే దిశలో ఉండే కార్బన్-ఎపాక్సీ ప్రీప్రెగ్ (రెసిన్ ముందే పట్టించిన ఫైబర్ షీట్) తెచ్చి, ఆటోక్లేవ్ (వేడితో పాటు ప్రెషర్ కూడా ఇచ్చే ఓవెన్) లేదు కాబట్టి వ్యాక్యూమ్ బ్యాగ్ వేసి మామూలు ఓవెన్‌లో క్యూర్ చేశారు, అంటే గట్టిపరిచారు. డేటా షీట్‌లో టెన్సైల్ స్ట్రెంగ్త్ (లాగితే విరిగేదాకా తట్టుకునే బలం) 2200 మెగాపాస్కల్ అని ఉంటే, సివిల్ డిపార్ట్‌మెంట్ వాళ్ల 60 టన్నుల యూటీఎం (లాగి, నొక్కి పరీక్షించే మిషన్) మీద లాగితే మీకు 1400 నుంచి 1600 దాకానే వస్తోంది. ఆరు కూపన్లలో (పరీక్షకు కోసిన పట్టీల్లో) నాలుగు గ్రిప్ దగ్గరే, అంటే మిషన్ పట్టుకునే చోటే, విరిగాయి. ఇంకో ప్లేట్ మీద పీజెడ్‌టీ డిస్కులు (కరెంట్ ఇస్తే కంపించే, కంపిస్తే కరెంట్ ఇచ్చే సెరామిక్ బిళ్లలు) అంటించి డ్యామేజ్ పట్టుకోవాలని చూస్తే, ఏ దెబ్బా తగలకుండానే ఉదయం ఒకలా మధ్యాహ్నం ఇంకోలా సిగ్నల్ వస్తోంది. మెటీరియల్ నాసిరకం అని గైడ్ గారు అంటున్నారు, సప్లయర్‌ని మార్చమంటారా అని అడిగారు.

వద్దు, మార్చకండి. ఇంకో రోల్ కొని డబ్బు పోసుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇప్పటిదాకా మీరు కొలిచింది ఆ మెటీరియల్ బలాన్ని కానే కాదు, మీ ట్యాబ్‌లూ (గ్రిప్ పట్టు కోసం కూపన్ చివర్లలో అంటించే ముక్కలు) గ్రిప్‌లూ ఎంతవరకు తట్టుకున్నాయో అది. పీజెడ్‌టీ దగ్గర మీకు కనిపిస్తున్న తేడా చాలావరకు ఉష్ణోగ్రతది, కొంత అంటించిన జిగురుది కావచ్చు. రెండూ సరిచేసుకోగలిగినవే, అదీ పెద్ద ఖర్చు లేకుండా.

నేను బెంగళూరులో ఇరవై ఏళ్లకు పైగా కాంపోజిట్ (ఇలాంటి ఫైబర్-రెసిన్ మెటీరియల్) టెస్టింగ్‌లోనే ఉన్నాను, కూపన్ స్థాయి నుంచి రెక్క ముక్కల దాకా విరగ్గొట్టాను. ఇలాంటి ప్రశ్న ఏడాదికి ఐదారుసార్లు వస్తుంది, అందరూ నంబర్ చెప్తారు గానీ విరిగిన ముక్క ఫోటో ఎవరూ పంపరు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటి వారం చెప్పేది ఒక్కటే: కంప్యూటర్ తెర వైపు చూడకముందు ముక్కను చేతిలోకి తీసుకోండి.

టెన్సైల్ టెస్టుకు అందరం వాడే ఏఎస్‌టీఎం సంస్థ స్టాండర్డ్ డి3039లో (ఇక ముందు డి అని మొదలయ్యే నంబర్లన్నీ ఆ సంస్థవే) విరిగిన తీరుకు మూడక్షరాల కోడ్ ఉంటుంది. మొదటి అక్షరం ఎలా విరిగిందో, రెండోది ఏ ప్రాంతంలోనో, మూడోది అందులో ఎక్కడో చెప్తుంది. ఎల్‌ఏటీ అంటే పై గ్రిప్ అంచు దగ్గర అడ్డంగా తెగింది అని. ఎక్స్‌జీఎం అంటే మధ్యభాగంలో పేలిపోయింది అని. సున్నా డిగ్రీల కార్బన్ (లాగే దిశలోనే ఫైబర్లు ఉన్నది) బాగా విరిగితే చీపురుకట్ట విప్పినట్టు పుల్లలు పుల్లలుగా అయిపోతుంది, శబ్దానికి పక్క గదిలోవాళ్లు కూడా ఉలిక్కిపడతారు. మీవి గ్రిప్ దగ్గర కత్తితో కోసినట్టు తెగాయంటే అక్కడ ఒత్తిడి పోగుపడింది, మధ్యలో ఇంకా బలం మిగిలే ఉంది. ట్యాబ్ నుంచి గానీ గ్రిప్ నుంచి గానీ కూపన్ వెడల్పంత దూరంలోపే ఎక్కువ కూపన్లు విరుగుతుంటే లోడ్ ఎక్కించే పద్ధతినే మళ్లీ పరిశీలించమని ఆ స్టాండర్డే చెప్తుంది. మీ ఆరింట్లో నాలుగు అలాంటివే. ఆ నాలుగింటినీ సగటులో కలిపి 1500 అని రాయడం సరికాదు, మెటీరియల్ బలం కనీసం ఇంత ఉంది అనడానికి మాత్రమే అవి పనికొస్తాయి.

ఇప్పుడు మీ మిషన్ సంగతి. నాకు అసలు అనుమానం అక్కడే ఉంది.

స్టాండర్డ్ సూచించే సున్నా డిగ్రీల కూపన్ 250 మిల్లీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 1 మందం. 2200 మెగాపాస్కల్ వచ్చిందనుకుందాం, అప్పుడు లోడ్ 33 కిలోన్యూటన్లు, అంటే మూడు టన్నుల నాలుగొందల కిలోల దగ్గర. 60 టన్నుల మిషన్‌లో అది ఆరు శాతం కూడా కాదు. ఆ మిషన్ టీఎంటీ కడ్డీలు లాగడానికి కొన్నది. కింది రేంజిలో దాని లోడ్ రీడింగ్ ఎంత నమ్మకమో క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ తీసి చూడండి, చాలాచోట్ల కింది భాగానికి క్యాలిబ్రేషనే చేయించరు. అంతకంటే ముఖ్యమైనది దాని గ్రిప్ పళ్లు. ఉక్కు కడ్డీ జారకుండా పట్టుకోవడానికి ముతకగా, లోతుగా ఉంటాయి అవి. ఒక మిల్లీమీటరు మందం ఉన్న కార్బన్‌ని వాటి మధ్య పెడితే ట్యాబ్‌ను దాటుకుని లోపలి ఫైబర్లను నలిపేస్తాయి, లాగడం మొదలుపెట్టకముందే కూపన్ సగం పోయినట్టే. మీ ఊళ్లో గానీ దగ్గర్లో గానీ 50 లేదా 100 కిలోన్యూటన్ల మిషన్, సన్నటి పళ్ల హైడ్రాలిక్ గ్రిప్‌లు ఉన్న ల్యాబ్ ఎక్కడుందో కనుక్కుని ఒక్క రోజు అడిగి చేయించుకోండి. వేరే దారి లేకపోతే పళ్లకూ ట్యాబ్‌కూ మధ్య సన్న ఎమెరీ క్లాత్ మడిచి పెట్టండి, గరుకు వైపు ట్యాబ్‌కు ఆనేలా. కొంత మేలు చేస్తుంది.

ట్యాబ్‌లు ఏమిటివి వాడారో మీరు రాయలేదు. అల్యూమినియం ముక్కలు అంటించి ఉంటే వాటిని పక్కన పెట్టి, ప్లస్ మైనస్ 45 డిగ్రీల గ్లాస్-ఎపాక్సీ షీట్, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంది, 56 మిల్లీమీటర్ల పొడవున కోసి అంటించండి. అంచు ఏటవాలుగా 7 డిగ్రీలకు అరగదీస్తే లోడ్ మెల్లగా ఎక్కుతుంది, 90 డిగ్రీల అంచు కూడా స్టాండర్డ్ ఒప్పుకుంటుంది. జిగురు అంటించే ముందు ఉపరితలం తయారీయే సగం పని. పీల్ ప్లై (క్యూర్‌కు ముందు పైన వేసే, తర్వాత ఒలిచే గుడ్డ) తీసేసి, సన్న ఎమెరీతో మెరుపు పోయేదాకా రుద్ది, అసిటోన్‌తో ఒకే వైపుకు తుడిచి, ఆ తర్వాత వేలు తగలకుండా అంటించాలి. మరీ గట్టిగా రుద్దితే పై పొర ఫైబర్లు తెగుతాయి, అది ఇంకో తప్పు. ఒక్కొక్క కూపన్‌కు విడిగా ట్యాబ్ అంటించే బదులు ప్యానెల్ మొత్తానికి రెండు చివర్లా పట్టీలు అంటించి, ఆ తర్వాత డైమండ్ వీల్‌తో నీళ్లు పోస్తూ కోయండి, అన్నీ ఒకే వరుసలో వస్తాయి. కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి. కార్బన్ ధూళికి కరెంట్ పారే గుణం ఉంది, పక్కనున్న కంప్యూటర్‌లోకో డేటా లాగర్‌లోకో దూరితే బోర్డు కాలిపోతుంది, మా దగ్గర అలా ఒక పవర్ సప్లయి పోయింది.

నా మొదటి ఉద్యోగంలో జరిగినది ఒకటి చెప్తాను, ల్యాబ్ పేరు వద్దు. ఒక బ్యాచ్ కూపన్లు వరసగా 15 శాతం తక్కువ చూపించాయి. క్యూర్ సైకిల్ తప్పా, రెసిన్ పాతబడిందా అని మూడు వారాలు తలలు పట్టుకున్నాం, ప్రీప్రెగ్ వెనక్కి పంపే కాగితాలు కూడా తయారయ్యాయి. మాకు సీనియర్ టెక్నీషియన్ ఒకాయన ఉండేవారు, డిప్లొమా కూడా లేదు గానీ చెయ్యి పెడితే మిషన్ మాట వినేది. ఆయన ఒక కూపన్‌కు మూడు స్ట్రెయిన్ గేజ్‌లు (సాగుడు కొలిచే పలచటి సెన్సర్లు) అంటించమన్నారు, ఒక ముఖం మీద పక్కపక్కన రెండు, వెనక మధ్యలో ఒకటి. లాగి చూస్తే ముందుకూ వెనక్కీ రీడింగులు ఒకదానితో ఒకటి పొంతన లేవు. పై గ్రిప్ ఒకవైపు అరిగిపోయి కూపన్ వంగుతూ సాగుతోంది. 1000 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో 0.1 శాతం సాగుడు) దాటాక వంపు వాటా 3 నుంచి 5 శాతం లోపు ఉండాలన్నది మంచి పద్ధతి, మాకు దానికి నాలుగింతలు ఉంది. గ్రిప్ ముఖాలు మార్చగానే నంబర్ లేచి కూర్చుంది. ఆ రోజు నుంచి ఏ కొత్త సెటప్‌లోనైనా మొదటి కూపన్ మూడు గేజ్‌లతోనే పెడతాను, అది స్ట్రెంగ్త్ కోసం కాదు, మిషన్ సంగతి తెలుసుకోవడం కోసం.

ఇక కూపన్ వైపు రెండు విషయాలు. మొదటిది ఫైబర్ కోణం. సున్నా డిగ్రీల స్ట్రెంగ్త్ 2000, షియర్ స్ట్రెంగ్త్ (పక్కకు జారకుండా తట్టుకునే బలం) 80 మెగాపాస్కల్ అనుకుని, ఫైబర్ వాలితే బలం ఎంతో లెక్కగట్టే సాయ్-హిల్ సూత్రంలో వేసి చూడండి. ఫైబర్ ఒక్క డిగ్రీ పక్కకు పోతే స్ట్రెంగ్త్ 8 శాతం తగ్గుతుంది, రెండు డిగ్రీలు పోతే 25 శాతం. రెండు డిగ్రీలంటే వంద మిల్లీమీటర్లకు మూడున్నర మిల్లీమీటర్లు, చేత్తో ప్లైలు (ప్రీప్రెగ్ పొరలు) పరిచి కంటితో చూసి కోస్తే ఆ తప్పు ఎవరికైనా వస్తుంది. పైగా అదే రెండు డిగ్రీలకు మాడ్యులస్ (సాగకుండా నిలిచే బిగువు) మూడు శాతం మాత్రమే తగ్గుతుంది కాబట్టి, మాడ్యులస్ బాగుంది కదా అని ధీమాగా ఉంటే కోణం తప్పు దొరకదు. దొరికేది విరిగిన ముక్కలోనే: నిలువుగా చీలిన గీత ఫైబర్ వెంటే పోతుంది, ఆ గీత కూపన్ అంచుకు సమాంతరంగా ఉందా, పక్కకు వాలిందా అని స్కేల్ పెట్టి కొలవండి.

రెండోది మందం. దీన్ని చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం ఇది చాలా ముఖ్యం. ఒక ప్లైలో ఫైబర్ ఎంత ఉందో అది ఫ్యాక్టరీలోనే ఖాయమైపోయింది, మీరు ఓవెన్‌లో ఏం చేసినా అది పెరగదు, తగ్గదు. మారేది రెసిన్. ఆటోక్లేవ్‌లో ఆరేడు బార్ల ప్రెషర్ మీద అదనపు రెసిన్ పిండుకుపోతుంది, మీ వ్యాక్యూమ్ బ్యాగ్‌లో ఒక్క బారే. రెసిన్ ఎక్కువ మిగిలితే ప్లేట్ లావవుతుంది, విస్తీర్ణం పెరుగుతుంది, అదే లోడ్‌ను పెద్ద విస్తీర్ణంతో భాగిస్తే స్ట్రెస్ చిన్నదిగా కనిపిస్తుంది. డేటా షీట్ నంబర్ మామూలుగా 60 శాతం ఫైబర్ వాల్యూమ్‌కు సరిచేసి ఇస్తారు, చివర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడండి. మీ ప్లేట్‌లో 50 శాతమే ఉంటే, మీరు ఆశించాల్సింది 2200లో అరవయ్యింట యాభై వంతు, అంటే 1830 దగ్గర. అంటే మీకు తగ్గిందనుకున్న ఆరు నుంచి ఎనిమిది వందల్లో దాదాపు సగం అసలు తగ్గలేదు, లెక్క కట్టడంలో వచ్చిన తేడా అది. ఫైబర్ శాతం కొలవడానికి డి3171 ప్రకారం రెసిన్‌ని యాసిడ్‌లో కరిగించి తూకం వేస్తాం. అది ఫ్యూమ్ హుడ్, అనుభవం ఉన్న కెమిస్ట్ లేకుండా చేయకండి. మీ స్థాయిలో ప్లై మందం చాలు. క్యూర్ అయ్యాక ఒక ప్లై ఎంత మందం ఉండాలో డేటా షీట్‌లో ఉంటుంది, మీ ప్లేట్ మందాన్ని ప్లైల సంఖ్యతో భాగించి పోల్చండి. మైక్రోమీటర్‌తో కొలవండి, వెర్నియర్ వద్దు, ఒక్కో కూపన్‌కు మూడు చోట్ల.

గాలి బుడగల గురించి కూడా అడుగుతారని తెలుసు. ఓవెన్‌లో క్యూర్ చేసే ప్రీప్రెగ్‌లు వేరే ఉన్నాయి, గాలి పక్క అంచుల నుంచి పోయేలా తయారు చేస్తారు. మీది ఆటోక్లేవ్ కోసం చేసిన రకమైతే బుడగలు తప్పవు. కానీ బుడగలు సున్నా డిగ్రీల టెన్షన్‌ని పెద్దగా దెబ్బతీయవు, అక్కడ మోసేది ఫైబర్ కాబట్టి. దెబ్బ కనిపించేది పొరల మధ్య. అది తెలియాలంటే డి2344 షార్ట్ బీమ్ టెస్ట్ (ముక్కను రెండు సపోర్టుల మీద పెట్టి మధ్యలో నొక్కేది) చేయండి, చిన్న ముక్క చాలు, సపోర్టుల మధ్య దూరం మందానికి నాలుగు రెట్లు, అరగంటలో పది ముక్కలు అయిపోతాయి. డిజైన్ విలువగా అది పనికిరాదు గానీ ఈ ప్లేట్ బాగా ఉడికిందా లేదా అని చెప్పడానికి అంత తేలికైన పరీక్ష ఇంకొకటి లేదు. ఇంకో మాట, మీరు ప్రీప్రెగ్ ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే సంచి విప్పేస్తున్నారేమో చూసుకోండి. మైనస్ 18 దగ్గర ఉన్నదాన్ని విశాఖ గాలిలో తెరిస్తే చల్లటి గ్లాసు మీద పట్టినట్టు దాని మీద నీరు పడుతుంది, ఆ నీరే ఓవెన్‌లో ఆవిరై బుడగవుతుంది. సంచి బయట చెమ్మ పూర్తిగా ఆరేదాకా, అవసరమైతే రాత్రంతా, మూసే ఉంచాలి.

చెమ్మ గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి, మీ గైడ్ గారు సముద్రపు గాలికి కూపన్లు పాడయ్యాయేమో అన్నారని రాశారు. ఎపాక్సీ నీటిని పీలుస్తుంది, నిజమే, తేమ ఎక్కువగా ఉంటే లామినేట్ (పొరలు కలిసి గట్టిపడ్డ ప్లేట్) బరువులో ఒక శాతం దాకా. కానీ నెమ్మదిగా పీలుస్తుంది, పట్టే కాలం మందం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, 1 మిల్లీమీటరుకు ఒక నెల పడితే 2 మిల్లీమీటర్లకు నాలుగు నెలలు. అందుకే ల్యాబ్‌లో 70 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న ఛాంబర్‌లో పెట్టి, పక్కన ఒక సాక్షి ముక్క ఉంచి దాన్ని వారం వారం తూకం వేస్తాం, బరువు పెరగడం ఆగేదాకా. నీరు పట్టిన ఎపాక్సీ గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత (అది మెత్తబడే ఉష్ణోగ్రత) పదుల డిగ్రీలు దిగిపోతుంది. విమానం ఎండలో రన్‌వే పక్కన నిలబడి వేడెక్కినప్పుడు, అప్పటికే చెమ్మ పట్టి ఉన్నప్పుడు, కంప్రెషన్‌లో ఎంత మోయగలదన్నదే డిజైన్‌లో చాలాసార్లు అసలు హద్దు. సున్నా డిగ్రీల టెన్షన్‌కు మాత్రం ఇది పెద్దగా తగలదు, కాబట్టి మీ 1500కు కారణం సముద్రం కాదు.

విమానం విషయం వచ్చింది కాబట్టి మీరు రాసిన చివరి వాక్యం గురించి చెప్పాలి, ఈ ఆరు కూపన్ల మీద ఆధారపడి డ్రోన్ రెక్కకు డిజైన్ విలువ తీస్తామన్నారు. అలా చేయకండి, దయచేసి. తేజస్ ఎయిర్‌ఫ్రేమ్ బరువులో 45 శాతం కాంపోజిట్లే, బోయింగ్ 787లో సగం, ఎయిర్‌బస్ ఏ350లో 53 శాతం. వాటి వెనక ఉన్న విలువలు సగటులు కావు. బీ-బేసిస్ అంటే నూటికి తొంభై ముక్కలు ఈ విలువకు పైనే ఉంటాయని 95 శాతం నమ్మకంతో చెప్పగలగడం, ఏ-బేసిస్ అంటే నూటికి తొంభై తొమ్మిది. అందుకోసం ఒకే రోల్ నుంచి వంద కూపన్లు చేసినా లాభం లేదు, వేర్వేరు బ్యాచ్‌లు కావాలి, తక్కువలో తక్కువ మూడు బ్యాచ్‌ల నుంచి 18, సరిగ్గా చేస్తే ఐదు బ్యాచ్‌ల నుంచి 30, అదీ ఒక్కో గుణానికి, ఒక్కో వాతావరణానికి. ఆ తర్వాత కూపన్ నుంచి జాయింట్లకు, స్టిఫెనర్లు ఉన్న ప్యానెళ్లకు, చివరికి పూర్తి రెక్కకు మెట్టు మెట్టుగా వెళ్తారు. అమెరికాలోని విచిటా స్టేట్ యూనివర్సిటీలో ఎన్‌క్యాంప్ అనే కార్యక్రమం ఇలా పరీక్షించిన ప్రీప్రెగ్‌ల డేటాను అందరికీ తెరిచి పెట్టింది, మీ మెటీరియల్‌కు దగ్గరిది అందులో ఉంటే మీ విలువలు ఆ పరిధిలో పడుతున్నాయా అని పోల్చుకోవచ్చు. కాలేజీ ప్రాజెక్టుకు అది చాలా మంచి అధ్యాయం అవుతుంది.

డ్రోన్ అంటున్నారు కాబట్టి ఇంపాక్ట్ కూడా మర్చిపోకండి. కిలో బరువున్న స్పానర్ మూడు మీటర్ల ఎత్తు నుంచి జారిపడితే 29 జౌళ్లు. డి7136 టెస్ట్‌లో 150 బై 100 మిల్లీమీటర్ల ప్లేట్ మీద మందానికి మిల్లీమీటరుకు 6.7 జౌళ్ల లెక్కన దెబ్బ వేస్తాం, నాలుగున్నర మిల్లీమీటర్ల ప్లేట్‌కు దాదాపు ఆ స్పానర్ దెబ్బే. పైన చిన్న గుంట, ఒక్కోసారి వెలుతురు పక్క నుంచి వేస్తే గానీ కనబడదు. లోపల పొరలు విడిపోయి ఉంటాయి. అదే ప్లేట్‌ను డి7137 ప్రకారం నొక్కితే దెబ్బ తగలనిదానితో పోలిస్తే బలం సగానికి పడిపోవచ్చు. నేను చూసిన టెస్టుల్లో మనసుకు బాగా పట్టింది ఇదే, కంటికి ఏమీ కనిపించని ప్లేట్ సగం లోడ్ దగ్గర కుప్పకూలడం. మీరు పీజెడ్‌టీలు అంటించి చేయాలనుకుంటున్న పని విలువ కూడా ఇక్కడే ఉంది, ఆ లోపలి దెబ్బను విమానం తనంతట తాను చెప్పగలగాలి.

సరే, ఇప్పుడు ఆ పీజెడ్‌టీ దగ్గరికి వద్దాం.

మీరు పంపే గైడెడ్ వేవ్ (ప్లేట్ వెంట పాకే తరంగం) ప్లేట్‌లో ఎంత వేగంతో పోతుందన్నది ప్లేట్ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, పీజెడ్‌టీ గుణాలూ మారతాయి, జిగురు మెత్తబడుతుంది. పాత సిగ్నల్‌లోంచి కొత్త సిగ్నల్‌ను తీసివేసి మిగిలిందే డ్యామేజ్ అనుకునే పద్ధతిలో, ఐదారు డిగ్రీల తేడా చాలు, చిన్న డీలామినేషన్ (పొరలు విడిపోవడం) కంటే పెద్ద తేడా చూపించడానికి. బేస్‌లైన్ (పోల్చడానికి ఉంచుకునే పాత సిగ్నల్) ఒక్కటి సరిపోదు. ప్లేట్ మీద థర్మోకపుల్ అంటించి, 20 డిగ్రీల నుంచి 45 దాకా రెండేసి డిగ్రీలకు ఒకటి చొప్పున దెబ్బ తగలని ప్లేట్ సిగ్నల్స్ నిల్వ చేయండి, పోల్చేటప్పుడు దగ్గరి ఉష్ణోగ్రతదాన్ని తీసుకోండి. దీనికే ఒక వారం కేటాయించండి, ప్రాజెక్టులో అన్నిటికంటే విసుగు పుట్టించే వారం అదే, కానీ అది లేకుండా తర్వాత చూపించే ఏ గ్రాఫ్‌నూ పరీక్షకులు నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఆ తర్వాత డిస్క్ సరిగ్గా అంటుకుందా అన్నది. అంటించక ముందు ఒకసారి, అంటించి జిగురు ఆరాక ఒకసారి కెపాసిటెన్స్ కొలిచి రాసుకోండి. బాగా అంటుకున్న డిస్క్‌ని ప్లేట్ పట్టి ఉంచుతుంది కాబట్టి కెపాసిటెన్స్ విడిగా ఉన్నప్పటికంటే తగ్గుతుంది. తర్వాత ఎప్పుడైనా అది పెరిగితే డిస్క్ ఊడుతోందని, బాగా తగ్గితే పగిలి ఒక ముక్క పోయిందని అనుమానించాలి. మాకు ఒక ప్యానెల్ మీద నాలుగు నెలలు ఒకే మూల సిగ్నల్ మెల్లగా మారుతూ వచ్చింది. పగులు పెరుగుతోందని ఒక క్లయింట్‌కు నివేదిక కూడా వెళ్లబోయింది. అల్ట్రాసోనిక్ సీ-స్కాన్ (ప్లేట్ లోపలి బొమ్మ తీసే పరీక్ష) తీస్తే లోపల ఏమీ లేదు. ఆ మూల డిస్క్ కింద జిగురు తేమకు మెత్తబడింది. ఆ రోజు నేను సరిగ్గా నిద్రపోలేదు, ఎందుకంటే తప్పు ఇటు కాకుండా అటు జరిగి ఉంటే, అంటే నిజమైన పగులును జిగురు అనుకుని వదిలేసి ఉంటే, ఎవరికి ప్రమాదమో ఆలోచించండి. అప్పటి నుంచి ప్రతి కొలతకు ముందు సెన్సర్లను పరీక్షించడం మా పద్ధతిలో మొదటి వరుస అయింది.

మీ ప్లేట్ కార్బన్ అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి, దాంట్లో కరెంట్ పారుతుంది. డిస్క్ కింది ఎలక్ట్రోడ్ ప్లేట్‌కు తగులుతుంటే అన్ని డిస్కుల గ్రౌండ్‌లూ కలిసిపోయి పక్క ఛానెల్ సిగ్నల్ ఇందులోకి వస్తుంది. మధ్యలో పలచటి గ్లాస్ పొర గానీ పాలీఇమైడ్ ఫిల్మ్ గానీ ఉంచండి. టంకం వేసేటప్పుడు త్వరగా ముగించండి: పీజెడ్‌టీ-5హెచ్ రకానికి క్యూరీ ఉష్ణోగ్రత (డిస్క్ తన గుణాన్ని పూర్తిగా కోల్పోయే వేడి) 190 డిగ్రీల దగ్గరే, అందులో సగం దాటితేనే పోలరైజేషన్ (ఆ గుణానికి మూలమైన విద్యుత్ అమరిక) తగ్గడం మొదలవుతుంది, సోల్డరింగ్ ఐరన్ మొన 300 పైనే ఉంటుంది. 5ఏ రకానికి క్యూరీ ఉష్ణోగ్రత 350 డిగ్రీల దగ్గర, కొత్తవాళ్లకు అదే మేలు. అదే కారణంతో 180 డిగ్రీలకు క్యూర్ చేసే లామినేట్ లోపల 5హెచ్ డిస్క్ పొదిగితే అది బయటికి వచ్చేసరికి మామూలు పింగాణీ ముక్క. ఇంకొకటి, డిస్కులు అంటించిన కూపన్‌ను విరిగేదాకా లాగుతామన్నారు. కార్బన్ ఒకటిన్నర శాతం స్ట్రెయిన్ దాకా సాగుతుంది, పీజెడ్‌టీ సెరామిక్, అది చాలా ముందే పగులుతుంది. ఆ టెస్ట్‌కు ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ (సాగితే, వేడెక్కితే వెనక్కి పంపే కాంతి తరంగదైర్ఘ్యం మారే ఆప్టికల్ ఫైబర్ సెన్సర్) సరైనది, లేదంటే మామూలు స్ట్రెయిన్ గేజే.

గ్రేటింగ్ వాడితే రెండు నంబర్లు గుర్తుంచుకోండి. 1550 నానోమీటర్ల దగ్గర ఒక మైక్రోస్ట్రెయిన్‌కు 1.2 పికోమీటర్లు, ఒక డిగ్రీ వేడికి సుమారు 10 పికోమీటర్లు ఆ తరంగదైర్ఘ్యం కదులుతుంది. అంటే ఒక్క డిగ్రీ లెక్కలోకి తీసుకోకపోతే ఎనిమిది మైక్రోస్ట్రెయిన్ తప్పు. లోడ్ పడని ఇంకో గ్రేటింగ్‌ను పక్కనే వదులుగా ఉంచి దాన్ని తీసివేయాలి. లామినేట్ లోపల పొదిగేటట్టయితే కార్బన్ ఫైబర్ దిశలోనే పెట్టండి, అడ్డంగా పెడితే దాని చుట్టూ కన్ను ఆకారంలో రెసిన్ గుంట ఏర్పడి అక్కడే పగులు మొదలవుతుంది. పాలీఇమైడ్ పూత ఉన్నదే తీసుకోండి, అక్రిలేట్ పూత 180 డిగ్రీలు తట్టుకోదు. ఎక్కువమందికి పోయేది మాత్రం బయటికి వచ్చే అంచు దగ్గర, అక్కడ గట్టి రెసిన్ పక్కన పుల్లలా విరిగిపోతుంది, చిన్న టెఫ్లాన్ గొట్టం తొడిగి అంచు నుంచి రెండు సెంటీమీటర్లు లోపలికి పోనివ్వండి.

షేప్ మెమరీ తీగలు (వేడి చేస్తే పాత ఆకారానికి తిరిగొచ్చే లోహపు తీగలు) కూడా తర్వాత చేద్దామనుకుంటున్నామన్నారు. 2005లో బోయింగ్ వాళ్లు 777 ఇంజన్ వెనక అంచుల్ని నికెల్-టైటానియం పట్టీలతో వంచి గాలిలో పరీక్షించారు, ఆ ఆలోచన నాకూ ఎంతో ఇష్టం. కానీ నికెల్ ఒక్క అటామిక్ శాతం అటూఇటూ అయితే మార్పు జరిగే ఉష్ణోగ్రత వంద డిగ్రీలదాకా జరుగుతుంది, కాబట్టి తీగ వచ్చిన రోజే డీఎస్‌సీలో (వేడి చేస్తూ ఆ మార్పును పట్టే పరికరంలో) పెట్టి సొంతంగా కొలుచుకోండి, లేబుల్‌ని నమ్మకండి. నమూనా కోసేటప్పుడు కటింగ్ ప్లయర్‌తో నొక్కి తెంపితే ఆ నలిగిన చోటు గ్రాఫ్‌ను పాడుచేస్తుంది, నెమ్మదిగా తిరిగే డైమండ్ రంపంతో కోయండి. ఈ సెమిస్టర్‌లో మాత్రం దాని జోలికి వెళ్లకపోతేనే మంచిది, ముందున్న రెండూ తేలనివ్వండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. విరిగిన ఆరు ముక్కలూ పారేయలేదు కదా? వాటిని రెండు వైపులా, పక్క నుంచి కూడా ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి, పక్కన స్కేల్ ఉంచి. ట్యాబ్ మీద గ్రిప్ పళ్ల గుర్తులు బాగా కనిపించేలా ఒకటి. ఒక్కో కూపన్ మందం మూడు చోట్ల, ప్లైల సంఖ్య, 1000 నుంచి 3000 మైక్రోస్ట్రెయిన్ మధ్య తీసిన మాడ్యులస్, ప్రీప్రెగ్ ఏ క్యూర్ పద్ధతికి చేసినదో డేటా షీట్‌లో రాసిన వాక్యం, ఇవి కూడా రాయండి. గేజ్‌లు పెట్టకుండా క్రాస్‌హెడ్ (మిషన్‌లో కదిలే దూలం) కదలికతో మాడ్యులస్ తీసి ఉంటే అది వద్దు, అందులో మిషన్ సాగుడు, గ్రిప్ జారుడు కూడా కలిసి ఉంటాయి. నేను ఆదివారం సాయంత్రం తీరిగ్గా చూసి, ఏ కూపన్ లెక్కలోకి వస్తుందో ఏది రాదో ఒక్కొక్కటీ చెప్తాను.